సర్వర్ మాడ్యూళ్లు: కట్టిన పొయ్యా, జరిపే పొయ్యా?



వచ్చే ఆదివారం కమిటీ మీటింగులో మన సంఘం వెబ్‌సైటు సర్వర్ మార్చే విషయం వస్తుంది. "అది కంప్యూటర్ వాళ్ల గొడవ, మనకెందుకు" అని వేలూరులోనూ గుడియాత్తంలోనూ చాలామంది అంటున్నారు. ఆ సర్వర్‌లో మన పిల్లల తెలుగు పాఠాలు ఉన్నాయి. పెళ్లి సంబంధాల పేజీలో మన ఇళ్ల వివరాలు ఉన్నాయి. కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

మనం వాడేది అపాచీ. 1995 నుంచి ఉన్న ఉచిత వెబ్ సర్వర్. అందులో మూలభాగం చిన్నది. పేజీని కుదించి పంపడం, హెచ్‌టీటీపీఎస్ రక్షణ, అడ్రసు మళ్లించడం లాంటి పనులకు ఒక్కో మాడ్యూల్ ఉంటుంది. కంపైల్ చేసేటప్పుడే మాడ్యూల్‌ను సర్వర్ ప్రోగ్రాంలో కలిపేస్తే అది స్టాటిక్. విడి ఫైలుగా ఉంచి, సర్వర్ మొదలయ్యేటప్పుడు ‘లోడ్‌మాడ్యూల్’ అనే ఒక్క లైనుతో ఎక్కించుకుంటే అది డైనమిక్. కల్యాణ మండపంలో ఇటుకలతో కట్టిన పొయ్యికీ, అద్దెకు తెచ్చి వేసే గ్యాస్ పొయ్యికీ ఉన్న తేడా అనుకోండి. కట్టిన పొయ్యి గట్టిదే. కానీ ఇంకొకటి కావాలంటే మేస్త్రీని పిలవాలి.

మన మేస్త్రీ ఇప్పుడు ఊళ్లో లేడు. అదే అసలు సమస్య.

పాత సర్వర్‌ను మన పిల్లవాడే ఒకడు, పైసా తీసుకోకుండా, అన్నీ స్టాటిక్‌గా కట్టి ఇచ్చాడు. ఇప్పుడు విదేశంలో ఉద్యోగం. పోయిన ఏడాది గుడియాత్తం నుంచి ఒక పెద్దాయన "పాఠం ఫోన్‌లో తెరుచుకునేలోపు కాఫీ తాగి రావచ్చు" అన్నారు. చూస్తే పేజీలను కుదించే మాడ్యూల్ అందులో లేనే లేదు. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి 1 బైట్ చాలు. తెలుగులో అక్షరానికి 3 బైట్లు, గుణింతాలూ ఒత్తులూ చేరితే ఇంకా ఎక్కువ. కుదింపు మనకే ఎక్కువ అవసరం. పోనీ ఆ ఒక్కటీ చేర్చుదామంటే, విడి మాడ్యూళ్లను ఎక్కించే ‘మాడ్-ఎస్ఓ’ కూడా కలపలేదు. చివరికి ఆ అబ్బాయి ఫోన్‌లో చెబుతుంటే రెండు రాత్రులు కూర్చుని సర్వర్ మొత్తాన్ని మళ్లీ కంపైల్ చేశాం. వాడిని తప్పు పట్టడం లేదు. ముందుచూపు లేనిది మనకే.

స్టాటిక్ కావాలనే వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. డైనమిక్ అయితే సర్వర్ మొదలవడం సుమారు 20 శాతం, కొన్ని ప్లాట్‌ఫారాల మీద పని సుమారు 5 శాతం నెమ్మదించవచ్చని అపాచీ డాక్యుమెంటేషనే చెబుతుంది. స్టాటిక్‌లో మాడ్యూల్ ఫైలు పోయిందనో, వెర్షన్ కుదరలేదనో సర్వర్ మొరాయించదు. లక్షల మంది వచ్చే సైటుకు ఆ 5 శాతం డబ్బుతో సమానం. మన సైటుకు ఉగాది రోజున కూడా వచ్చేది కొన్ని వందల మందే.

మనకు వేగం కంటే భద్రత ముఖ్యం. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను విడిగా వాడుకున్నవాళ్లు ఆ ఒక్క ప్యాకేజీని మార్చి సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తే లోపం మూసుకుంది. సర్వర్‌లో కలిపి కట్టేసుకున్నవాళ్లు మొత్తం మళ్లీ కట్టుకోవలసి వచ్చింది. అలాంటి రోజు మళ్లీ వస్తే మన ఆడపిల్లల ఫోన్ నంబర్లు ఎవరో ఒకరి సెలవు దొరికేదాకా తెరిచి ఉండాలా?

కాబట్టి మేము కోరేది డైనమిక్. ఉబుంటు ఇచ్చే అపాచీ ప్యాకేజీనే వాడదాం. అందులో ‘ఏ2ఎన్‌మాడ్’ అని కొట్టి మాడ్యూల్‌ను చేర్చవచ్చు, ‘ఏ2డిస్‌మాడ్’ అని కొట్టి తీసేయవచ్చు. అయితే విడిగా ఉన్నాయి కదా అని అన్నిటినీ ఎక్కించకూడదు. ఉదాహరణకు ‘ఆటోఇండెక్స్’ అనేది, సెట్టింగులు సరిగా లేకపోతే, ఫోల్డర్‌లోని ఫైళ్ల జాబితాను వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంది. మనకు అది అక్కర్లేదు. ఏ మాడ్యూల్ ఎందుకు ఎక్కించామో తెలుగులో ఒక కాగితం మీద రాసి, సంఘం లెక్కల పుస్తకంతో పాటు భద్రపరుద్దాం. వేలూరులో ఒకరు, గుడియాత్తంలో ఒకరు ఈ పని నేర్చుకోవాలి. చదువుకునే పిల్లలైతే మరీ మంచిది.

ఈ సర్వర్ మా తరువాత వచ్చేవాళ్ల చేతికి వెళ్లేది. వాళ్లు మాకు ఫోన్ చేయకుండా నడుపుకోగలిగితేనే మనం సరిగా కట్టినట్టు. ఆదివారం తప్పకుండా రండి. ఒప్పుకోని వాళ్లు ముందుగా రండి.