ఏజెంట్ పోయాడు, ఏజెన్సీ మిగిలింది



కాలేజీలో చేరిన మొదటి వారమే నన్నడిగిన ప్రశ్న: "నువ్వు ఏజెన్సీవాడివా?" అవునన్నాను. ఆ మాటకి అర్థమేంటో అడిగినోడికీ తెలీదు, చెప్పిన నాకూ తెలీదు. మనలో ఎంతమందికి తెలుసు?

గ్యాస్ ఏజెన్సీ, ట్రావెల్ ఏజెన్సీ అంటాం. ఒకరి తరఫున ఇంకొకరు పని నడిపే చోటు అని అర్థం. లాటిన్‌లో 'అగెరె' అంటే చేయడం, నడిపించడం. ఏజెంట్, ఏజెన్సీ అందులోంచే పుట్టాయి. మరి మన కొండల్లో ఎవరి తరఫున ఎవరు నడిపారు?

జవాబు 1839 చట్టంలో ఉంది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల్ని కంపెనీ ప్రభుత్వం మామూలు కోర్టుల కింద నుంచి తప్పించి కలెక్టర్ చేతిలో పెట్టింది. ఆయన గవర్నర్‌కి ఏజెంట్. ఏజెంట్ ఏలే చోటు ఏజెన్సీ. తర్వాత గోదావరి కొండలకూ అదే పేరు. అంటే ఆ పేరు మన అడవిది కాదు, మన తెగలది కాదు, మన మీద కూర్చున్న అధికారిది! ఆదిలాబాద్ అడవులైతే నిజాం కిందివి, అక్కడ గవర్నర్ ఏజెంట్ పాలనే లేదు. అయినా ఇవాళ పేపర్లు అక్కడా ఏజెన్సీ అనే రాస్తాయి, అదీ ఎక్కువగా జ్వరాలొచ్చినప్పుడే.

"పేరులో ఏముంది అన్నా, 1/70 కాపాడుతోంది కదా" అంటారు కొందరు తమ్ముళ్ళు. నిజమే, అది మన భూమికి కంచె. దాన్ని ఎవడు తీస్తానన్నా ఒప్పుకోం. కానీ కంచె ఉండటం వేరు, కావలి మన చేతిలో ఉండటం వేరు.

సోషియాలజీ చదివేవాళ్ళకి ఇదే మాట ఇంకో అర్థంలో తెలుసు. మనిషి తన బతుకు గురించి తానే నిర్ణయించుకుని, తానే చేయగల శక్తిని కూడా ఏజెన్సీ అంటారు. మొదటి అర్థంలో మనం ఏజెన్సీలోనే పుట్టాం. రెండో అర్థంలో అది ఇంకా మన చేతికి రాలేదు. ఐటీడీఏలో చివరి 'ఏ' కూడా ఏజెన్సీయే. అది ఏ అర్థమో మీరే చెప్పండి.

భూసేకరణకు ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలని పీసా చట్టం 1996లోనే చెప్పింది. మీ ఊళ్ళో గ్రామసభ చివరిసారి ఎప్పుడు కూర్చుంది? తీర్మానం ఎవరు రాశారు? ముందే రాసుకొచ్చిన కాగితం మీద మన పెద్దలు వేలిముద్ర వేసి వస్తుంటే, ఏజెంట్ ఇంకా పోనట్టే.

తప్పంతా ఆఫీసర్లదే అని తప్పించుకోవద్దు. డిగ్రీలు చదివిన మనం ఎన్ని గ్రామసభలకు వెళ్ళాం? నేను వెళ్ళింది ఒక్కటే, సిగ్గుతోనే చెప్తున్నా. ఈసారి సెలవులకి ఊరెళ్తే తీర్మానాల పుస్తకం అడగండి. అందులో ఏముందో మన భాషలో పెద్దలకి చదివి వినిపించండి. నాయకుడి కోసం ఎదురు చూడొద్దు, ఆయనా మన తరఫున మాట్లాడే ఇంకో ఏజెంటే.

రేపు ఎవరైనా "ఏజెన్సీవాడివా?" అనడిగితే అవుననే అంటాను. కానీ ఆ మాట రెండో అర్థంలో అనగలిగే రోజు కోసం పని మొదలుపెట్టాలి కదా?

జై ఆదివాసీ!