మొక్క ఒక్కటే మందు కాదు

దూలగొండి కాయ తగిలితే ఒళ్లు ఎలా దురద పెడుతుందో పల్లెటూరి పిల్లలకు చెప్పనక్కరలేదు. ఆ కాయ గింజల్లో లీవోడోపా అనే పదార్థం ఉంది. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు దానిని గింజల నుంచి వేరుచేశారు. పార్కిన్సన్ వ్యాధికి ఈనాటికీ ముఖ్యమైన మందు ఇదే. "అంతా మన మొక్కల్లోనే ఉంది, ఇక మాత్రలెందుకు?" అనేవారు మనలో చాలామంది ఉన్నారు. ఈ మాట ఎంతవరకు నిజం?

మన కదలికలను అదుపుచేసే నాడీకణాలు మెదడు లోపలి భాగంలో ఉంటాయి. అవి ఒకదానికొకటి కబురు పంపుకోడానికి వాడే రసాయనాల్లో డోపమైన్ ఒకటి. పార్కిన్సన్ వ్యాధిలో దాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశిస్తాయి. అందువల్ల ఊరకే ఉన్న చెయ్యి వణుకుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, నడక మందగిస్తుంది. హంటింగ్టన్ వ్యాధి తీరు వేరు. అందులో కదలికకు కళ్లెం వేసే కణాలు దెబ్బతింటాయి. కాళ్లూ చేతులూ రోగి ప్రమేయం లేకుండానే మెలికలు తిరుగుతుంటాయి.

1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చాడు. ఇది మన సర్పగంధి వేరులో ఉండే పదార్థం. నాడీకణాలు డోపమైన్‌ను దాచుకునే సన్నని తిత్తులను ఇది ఖాళీ చేయిస్తుంది. కుందేళ్లు కదలకుండా పడిపోయాయి. వాటికి లీవోడోపా ఇవ్వగానే కొద్దిసేపట్లో లేచి తిరిగాయి! కదలికకు డోపమైన్ ఎంత అవసరమో అలా తెలిసింది. ఈ కృషికి 2000లో ఆయన నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

మరి డోపమైన్‌నే ఇవ్వవచ్చు కదా? రక్తం నుంచి మెదడులోకి పోయే దారిలో ఒక కాపలా ఉంది. అది డోపమైన్‌ను రానివ్వదు, లీవోడోపాను రానిస్తుంది. లోపలికి వెళ్లాక అది డోపమైన్‌గా మారుతుంది. అయితే చాలా భాగం మెదడు చేరకముందే మారిపోయి వాంతులు తెప్పిస్తుంది. అందుకే దారిలో మారకుండా ఆపే కార్బిడోపాను మాత్రలో కలుపుతారు. హంటింగ్టన్ రోగులకు ఇచ్చే టెట్రాబెనజీన్ ఇంచుమించు రిసర్పిన్ లాగానే తిత్తుల్లో డోపమైన్ నిల్వను తగ్గిస్తుంది.

లీవోడోపా ఎక్కువైతే, ముఖ్యంగా ఏళ్ల తరబడి వాడాక, అక్కరలేని కదలికలు వస్తాయి. టెట్రాబెనజీన్ ఎక్కువైతే పార్కిన్సన్ రోగిలా శరీరం బిగుసుకుపోతుంది. అంటే ఒక జబ్బుకు మందు మోతాదు మించితే రెండో జబ్బు లక్షణాలు! 1967లో అమెరికాలో జార్జ్ కోట్జియాస్ విజయం సాధించింది కూడా, డోపా మోతాదును కొద్దికొద్దిగా పెంచుతూ పోవడం వల్లనే. గింజ గింజకూ మారే పాళ్లతో ఇది సాధ్యమా? మన మొక్కలను చూసి గర్వించడం మంచిదే. కాని మొక్కలోని పదార్థాన్ని వేరుచేసి, తూచి, పరీక్షించినప్పుడే అది నమ్మదగిన మందవుతుంది.

ఈ మందులు జబ్బును మాన్పవు, లక్షణాలను తగ్గిస్తాయి. కాబట్టి రోజూ వేళకు వేసుకోవాలి. మీ ఇంట్లో తాతగారో, అమ్మమ్మగారో "వణుకు తగ్గిందిగా" అని హఠాత్తుగా మాత్రలు మానేస్తామంటే, అది ప్రమాదమని, డాక్టరును అడగాలని చెప్పండి. వీధిలో ఎవరి చేతులైనా వణుకుతుంటే తాగాడనో, భయపడ్డాడనో నవ్వకండి. వణుకుకు కారణాలు అనేకం. అది ఆ మనిషి తప్పు కాదని సైన్సు చదువుకున్న మీరే నలుగురికీ చెప్పాలి.