రిజిస్టరుకెక్కని దినాలు

ప్రభుత్వ కార్యాలయాల పనితీరును గూర్చిన నివేదికలకు మన దేశంలో కొదవ లేదు. వచ్చిన దరఖాస్తులెన్ని, పరిష్కరించినవెన్ని, గడువులోగా ముగిసినవెన్ని అన్న అంకెలు సవ్యంగానే కనిపిస్తాయి. ఐతే అది కార్యాలయం తనకు తాను కట్టుకొన్న లెక్క.

కొలత ఎక్కడ ప్రారంభం కావాలన్నదే అసలు ప్రశ్న అని మా అభిప్రాయం. ఆదాయ ధ్రువపత్రాన్నే తీసుకొందాం. ఉపకారవేతనం కోరే పేద విద్యార్థికి అది లేనిదే గడవదు. కార్యాలయం దినాలను లెక్కించేది దరఖాస్తును స్వీకరించిన నాటినుండి. విద్యార్థి తండ్రి లెక్కించేది ఆనాటి కూలి పోగొట్టుకొని తొలిసారి వరుసలో నిలబడ్డ నాటినుండి. కాగితం ఒకటి తక్కువైందని రెండుమార్లు తిరిగి వస్తే, ఆ రెండు దినాలు ఏ రిజిస్టరుకూ ఎక్కవు.

ఈ రెండవ లెక్కను కట్టినవారు లేకపోలేదు. బెంగుళూరులో శామ్యూల్ పాల్ గారి ఆధ్వర్యాన 1994లో పౌరులనే అడిగి ప్రజాసేవా సంస్థలకు మార్కులు వేశారు. నగరాభివృద్ధి సంస్థ సేవలతో తృప్తి చెందినవారు నూటికి ఒక్కరు! ఫలితాలు పత్రికలకెక్కాయి. అదే పరీక్షను 1999లోను, 2003లోను మరల జరిపారు. 2003 నాటికి తృప్తి చెందినవారు ఎంతో పెరిగారు. పరీక్షలంటే విసుగు చెందే మన విద్యార్థి మిత్రులకు ఈ వార్త ఆనందమే కలిగించాలి.

సిబ్బంది చాలని మారుమూల కార్యాలయాన్ని నగర కార్యాలయంతో పోల్చి కడపటి స్థానమివ్వడం న్యాయం కాదు. నిరుటికంటె ఈ ఏడు మెరుగైందా అని చూడడం మేలు. అంతకంటె ముఖ్యమైన పోలిక ఇంకొకటి ఉంది. ఒకే కిటికీ వద్ద తెలుగులో అడిగినవారికీ, ఉర్దూలో అడిగినవారికీ ఒకే కాలం పడుతున్నదా? 2017లో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేసింది. ఉర్దూ మాత్రమే చదవగల తల్లి పరుల సాయం లేకుండ దరఖాస్తు నింపగలిగిన నాడే ఆ చట్టం అమలైనట్లు మేము భావిస్తాం.

ఈ లెక్కను మన కళాశాలలోనే ఆరంభించవచ్చు. తిరిగిన మార్లు, పట్టిన దినాలు, రశీదు లేక ఇచ్చిన సొమ్ము, మాట్లాడిన భాష: నాలుగు గడుల కాగితం చాలు, పేర్లు అక్కరలేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద కార్యాలయపు లెక్కను కూడ తెప్పించి ప్రక్కన ఉంచవచ్చు. ఆ రెండు పట్టికలను వచ్చే సంచికలో అచ్చువేయించి, ఒక ప్రతిని జిల్లా కలెక్టరు గారికి పంపవలసిందిగా కళాశాల కమిటీ వారిని కోరుతున్నాం.