సమాచార రాశులకు కాపలా ఎవరు?

కోల్‌కతా నగరంలోని భవానీపూర్ ప్రాంతంలో, ఎస్ఎస్‌కెఎం ఆసుపత్రి ప్రహరీ వద్ద 1927లో నిర్మించిన స్మారక ద్వారం ఒకటి ఉంది. ఆనాడు ప్రెసిడెన్సీ జనరల్ ఆసుపత్రిగా వ్యవహరించిన ఈ ప్రాంగణంలోని చిన్న ప్రయోగశాలలోనే 1898లో రోనాల్డ్ రాస్ పక్షులపై పరిశోధించి, మలేరియా దోమకాటు ద్వారా సంక్రమించే విధానాన్ని నిర్ధారించారు. అంతకు ముందటి సంవత్సరం ఆగస్టు 20న ఆయన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని తొలిసారి గుర్తించిన సంగతి తెలుగువారికి విదితమే. ఈ కృషికి 1902లో నోబెల్ బహుమతి లభించింది.

రాస్ నోటు పుస్తకాలు, ఉత్తర ప్రత్యుత్తరాలు నేటికీ లండన్, గ్లాస్గో నగరాల్లోని సంస్థల వద్ద భద్రంగా ఉన్నాయి. నూట పాతికేళ్లు గడిచినా వాటిని చదవడానికి ప్రత్యేక యంత్రమేదీ అవసరం లేదు. కాగితం చిరగకుండా, చెదలు పట్టకుండా కాపాడితే చాలింది. నేటి శాస్త్రవేత్త నోటు పుస్తకం కంప్యూటర్‌లో ఉంది. మరో వందేళ్లకు దానిని తెరిచి చదవగలిగే వారు ఉంటారా అన్న ప్రశ్నకు మన పరిశోధన వ్యవస్థ వద్ద స్పష్టమైన సమాధానం లేదు.

ఈ ప్రశ్న కోల్‌కతాకు కొత్తది కాదు. నగరంలోని సాల్ట్‌లేక్‌లో గల వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ సెంటర్ శాస్త్రవేత్తలు జెనీవా సమీపంలోని సెర్న్ ప్రయోగశాలలో జరిగే ఆలిస్ ప్రయోగంలో భాగస్వాములు. ఆ ప్రయోగ ఫలితాలను విశ్లేషించే అంతర్జాతీయ కంప్యూటర్ యంత్రాంగంలో కోల్‌కతా కేంద్రం కూడా ఒక అంగం. సెర్న్ డిస్కుల నిల్వ సామర్థ్యం 2023లో ఒక ఎక్సాబైట్‌ను, అనగా వంద కోట్ల గిగాబైట్లను దాటింది. ఇంత రాశిని పోగుచేయడం ఒక ఎత్తు అయితే, తరువాతి తరాలకు పనికివచ్చే స్థితిలో అప్పగించడం మరొక ఎత్తు.

నిల్వ వేరు, సంరక్షణ వేరు

డిస్కులు కొని గదిలో పేర్చినంత మాత్రాన సమాచారం భద్రమైనట్టు భావించడం పొరపాటు. గాదెలో పోసిన ధాన్యాన్ని మళ్లీ తొంగి చూడని రైతుకు చివరకు పురుగే మిగులుతుంది. కంప్యూటర్ సమాచారానికి మూడు వైపుల నుంచి చేటు పొంచి ఉంది. మొదటిది, టేపు లేదా డిస్కు పాడుకావడం. రెండవది, టేపు బాగానే ఉన్నా దానిని చదివే యంత్రం మూలపడడం. భారీ నిల్వకు వాడే నేటి టేపులు ముప్పై ఏళ్ల వరకు మన్నుతాయని అంచనా. కొత్త యంత్రాలు మాత్రం సాధారణంగా ఒకటి రెండు తరాల వెనుకటి టేపులనే చదవగలవు. మూడవది అన్నిటికంటే ప్రమాదకరమైనది. అంకెలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నా, అవి దేనిని, ఏ పరికరంతో, ఏ కొలమానంలో కొలిచినవో చెప్పగలిగిన వారు లేకుండా పోవడం.

అగ్రరాజ్యాలు సైతం ఈ విషయంలో దెబ్బతిన్నాయి. 1969 జూలైలో అపోలో-11 వ్యోమగాములు చంద్రునిపై అడుగుపెట్టినప్పుడు నేరుగా గ్రహించిన మూల సంకేతాల టేపులను అనంతరకాలంలో చెరిపివేసి, తిరిగి వాడుకుని ఉంటారని నాసా 2009లో నిర్ధారణకు వచ్చింది. టెలివిజన్‌లో ప్రసారమైన దృశ్యాలు మిగిలాయి గానీ, అంతకంటే స్పష్టమైన మూలప్రతి మానవజాతికి దక్కలేదు.

జర్మనీలోని హాంబర్గ్‌లో 1979 నుంచి 1986 వరకు సాగిన జేడ్ అనే కణభౌతిక ప్రయోగం కథ ఇందుకు కొంత భిన్నం. ప్రయోగం ముగిసిన పదేళ్ల తరువాత సిద్ధాంతం ముందుకు సాగి, ఆ పాత ఫలితాలను కొత్త కోణంలో పరిశీలించవలసి వచ్చింది. కొత్త యంత్రాలు అంతకంటే ఎక్కువ శక్తి వద్ద పనిచేస్తున్నందున, ఆ ప్రయోగాన్ని అదే రీతిలో తిరిగి జరిపే వీలు లేదు. సీగ్‌ఫ్రీడ్ బెట్కే అనే శాస్త్రవేత్త పట్టుదలతో ఆ సమాచారాన్ని పునరుద్ధరించారు. ఒక కీలకమైన ఫైలు కంప్యూటర్‌లో కనిపించకుండా పోగా, కాగితంపై ముద్రించిన ప్రతి దొరికిన మీదట దానిని మళ్లీ టైపు చేయించవలసి వచ్చింది. ఆ కాగితాన్ని ఎవరో పారవేసి ఉంటే ఈ పునరుద్ధరణకు గండిపడేదే.

ఇవి అరుదైన ఉదంతాలు కావు. 1991 నుంచి 2011 వరకు వెలువడిన 516 జీవశాస్త్ర పరిశోధన పత్రాల మూల సమాచారం కోసం కెనడా పరిశోధకుల బృందం ప్రయత్నించి, ఫలితాలను 2014లో ప్రచురించింది. పత్రం వయసు ఒక్కో ఏడాది పెరిగేకొద్దీ సమాచారం దొరికే సంభావ్యత నిష్పత్తి 17 శాతం చొప్పున పడిపోతున్నట్టు అందులో తేలింది.

మన పరిస్థితి

మన దేశంలో ఏమీ జరగలేదనడం న్యాయం కాదు. చంద్రయాన్ వంటి యాత్రల సమాచారాన్ని బెంగళూరు సమీపంలోని బైలాలు కేంద్రంలో అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం భద్రపరుస్తున్నారు. 1988 మార్చిలో ప్రయోగించిన ఐఆర్ఎస్-1ఎ మొదలుకొని భూపరిశీలన ఉపగ్రహాల చిత్రాలు హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వద్ద ఉన్నాయి. అదే నగరంలోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్ర సమాచారానికి జాతీయ కేంద్రంగా వ్యవహరిస్తోంది. జీవశాస్త్ర సమాచారం కోసం ఫరీదాబాద్‌లో 2022లో జాతీయ కేంద్రాన్ని ప్రారంభించారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణి జీనోమ్ సంస్థ సహా 20 సంస్థలు కలిసి రూపొందించిన పది వేల మంది భారతీయుల జన్యుపటాలు అక్కడే ఉన్నాయి. 2025 జనవరిలో వాటిని పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు.

అయితే పెద్ద సంస్థల గొడుగు కింద ఉన్న సమాచారానికే ఈ రక్షణ. విశ్వవిద్యాలయాల్లో, వైద్య కళాశాలల్లో జరిగే పరిశోధనలకు సాధారణంగా మూడు నుంచి ఐదేళ్ల వరకే నిధులు అందుతాయి. గడువు ముగియగానే ప్రాజెక్టు ఉద్యోగులు మరో కొలువు వెతుక్కుంటారు. ఏ ఫైలు ఎక్కడ ఉందో తెలిసిన వ్యక్తి వెళ్లిపోయిన నాడే ఆ సమాచారం సగం పోయినట్టు లెక్క. ప్రభుత్వ సొమ్ముతో సేకరించిన సమాచారాన్ని పంచుకోవాలని 2012 నాటి జాతీయ విధానం నిర్దేశించింది. పంచుకోవాలంటే ముందు అది మిగిలి ఉండాలి కదా!

అంతా దాచడం సాధ్యమేనా అన్న సందేహం సమంజసమైనదే. సెర్న్ సైతం తన యంత్రంలో జరిగే తాకిడుల్లో అత్యధిక భాగాన్ని అప్పటికప్పుడే వదిలివేస్తుంది. కంప్యూటర్‌తో తిరిగి లెక్కగట్టగలిగిన దానిని వదులుకోవచ్చు. 2004 డిసెంబర్ 26 నాటి సునామీ వేళ సముద్రమట్టం ఎలా మారిందో, 2020 మే నెలలో ఉంపున్ తుపాను కోల్‌కతాను ఎలా తాకిందో మళ్లీ కొలిచే అవకాశం ఎవరికీ రాదు. ఫలానా ఏడాది ఫలానా పేటలో మలేరియా ఎలా వ్యాపించిందన్నదీ అంతే. ఇటువంటి వాటికి అగ్రతాంబూలం దక్కాలి.

చేయవలసినది స్పష్టమే. కనీసం రెండు ప్రతులు దూరదూర నగరాల్లో ఉండాలి. తుపాను దారిలో ఉన్న కోల్‌కతా ప్రతి హైదరాబాద్‌లోనూ, హైదరాబాద్ ప్రతి కోల్‌కతాలోనూ ఉంటే ఒక్క ఉపద్రవంలో రెండూ పోవు. చెక్‌సమ్ అనే గుర్తు సంఖ్యతో ప్రతి ఫైలునూ నిర్ణీత కాలంలో సరిచూడాలి. పాత టేపులు మూలపడక ముందే కొత్తవాటిలోకి ఎక్కించాలి. కొలతల వివరణను సమాచారంతో జతపరచాలి. దీనికంతటికీ 2003లోనే అంతర్జాతీయ ప్రమాణం వెలువడింది. కొరవడినదల్లా ఏటేటా నిధులు, శాశ్వత సిబ్బంది.

2023 చట్టం ద్వారా ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థకు ఐదేళ్లలో 50 వేల కోట్ల రూపాయలు సమకూర్చాలన్నది లక్ష్యం. ఆ సంస్థ మంజూరు చేసే ప్రతి ప్రాజెక్టులోనూ కొంత భాగాన్ని సమాచార సంరక్షణకు విధిగా ప్రత్యేకించాలి. ప్రాజెక్టు ముగిసిన పిమ్మట సంరక్షకుడెవరో మంజూరు పత్రంలోనే పేర్కొనాలి. ఆ బాధ్యతను గుమాస్తా పనిగా చూడక, పరిశోధనతో సమానమైన వృత్తిగా గుర్తించాలి. జన్యుపటాల వంటి వాటి విషయంలో, నెత్తురు ఇచ్చిన పౌరుల గోప్యతను కాపాడే పూచీ కూడా ఆ సంరక్షకునిదే కావాలి.

భవానీపూర్ ద్వారం రాతితో కట్టినది కాబట్టి నిలిచింది. రాస్ రాతలు మాత్రం, దాచవలసినవని కొందరు తలచినందువల్లనే మిగిలాయి. నేటి పరిశోధకుల అంకెలకు అటువంటి సంరక్షకులను నియమించవలసిన బాధ్యత, ఆ పరిశోధనకు డబ్బు ఇస్తున్న ప్రభుత్వానిదే.