కుక్క బొమ్మకు కూలి తీసుకోవచ్చునా?



గత నెలలో ఒక సాయంత్రము విస్సన్నపేటలో మా ఇంటికి సంఘ సహోదరుడొకరు కుమారుని వెంటబెట్టుకొని వచ్చారు. ఆ అబ్బాయి గోడల మీద అక్షరాలు వ్రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని తగ్గిపోయింది. ఈమధ్య విజయవాడలో ఒక కుటుంబమువారు చనిపోయిన తమ పెంపుడు కుక్క ఫోటో పంపి, రంగులలో చిత్రము వేయించుకొని డబ్బిచ్చారట. మరి ఇద్దరు అడుగుతున్నారట.

తండ్రికి రెండు సందేహములు. "అయ్యగారూ, బొమ్మ చేయడము రెండవ ఆజ్ఞను మీరడము కాదా? పైగా ఏడ్చేవాళ్ల దగ్గర చచ్చిన కుక్క బొమ్మకు డబ్బు తీసుకొంటే మనకు అచ్చివస్తుందా?" అన్నారు. అబ్బాయి తల వంచుకొని కూర్చున్నాడు.

మొదటి సందేహమునకు జవాబు సొలొమోను దేవాలయములోనే ఉన్నది. అక్కడ పోత సముద్రమును పన్నెండు ఇత్తడి ఎద్దుల మీద నిలిపారు. హీరాము అను పనివాడు వాటిని పోతపోశాడు. మ్రొక్కుటకు చేసిన బొమ్మ వేరు, జ్ఞాపకమునకు గీసిన బొమ్మ వేరు.

రెండవదానికి మేము కుక్క గుర్తు గ్రామఫోను ప్లేట్లను జ్ఞాపకము చేశాము. పెద్దవారందరూ ఎరిగినవే గదా! కొమ్ము ముందు కూర్చుని తల వంచి వినే ఆ కుక్క నిజముగా బ్రతికిన కుక్క. పేరు నిప్పర్. ఇంగ్లాండులో ఫ్రాన్సిస్ బరాడ్ అను చిత్రకారుని అన్నదమ్ముడు దానిని పెంచాడు. 1887లో అతడు చనిపోగా ఫ్రాన్సిస్ దానిని చేరదీశాడు. 1895లో కుక్క కూడా చనిపోయింది. అది తల వంచి వినే తీరును మరువలేక 1898లో ఆయన చిత్రించాడు. మొదట ఎవరూ కొనలేదు. 1899లో గ్రామఫోను కంపెనీవారు పాత యంత్రమును చెరిపి తమ యంత్రమును వేయమని, చిత్రమునకు 50 పౌన్లు, హక్కులకు 50 పౌన్లు ఇచ్చారు. తరువాత ఆయన చేతనే 24 నకళ్లు వేయించుకొన్నారు. దుఃఖములో పుట్టిన బొమ్మే ఆయనకు అన్నము పెట్టినది. అందులో మోసము లేదు.

జంతువు కోసము ఏడవడము వెర్రితనము కాదు. నాతాను ప్రవక్త చెప్పిన కథలో బీదవాని గొఱ్ఱెపిల్ల అతనికి కుమార్తెవలె ఉండెను. మన ఇండ్లలో ఎద్దును సంతకు తోలిన రాత్రి ఆడవారు అన్నము ముట్టకపోవడము మనము చూడలేదా?

అయితే అబ్బాయికి కొన్ని మాటలు చెప్పాము. ఫోటో పైనుండి కాక, జంతువు కంటికి సమానమైన ఎత్తులో, పగటి వెలుతురులో తీసినది అడుగు. ఒకటి చాలదు, నాలుగైదు తెప్పించుకో. చెవి చిరుగు, ముక్కు మీద మచ్చ, నిలుచునే తీరు ఇంటివారినే అడుగు. బొచ్చు ఎటు వాలుతుందో అటే కుంచె నడవాలి. ముందు పెన్సిలు గీత చూపించి, వారు ఒప్పుకొన్నాకే రంగు వేయి. సగము డబ్బు ముందుగా తీసుకో, ఇచ్చే తేదీ కాగితము మీద వ్రాయి. రంగులకు, కాగితమునకు, దినములకు లెక్క కట్టి ధర చెప్పు. ఏడుపును చూసి ధర పెంచకు. కంప్యూటరులో చేసిన బొమ్మను చేతితో వేసినదని అమ్మకు. పని నిలకడ అయ్యేవరకు వేరే పని వచ్చినా మానుకోకు.

వెళ్లేముందు తండ్రి గుమ్మములో ఆగి, "అప్పుకోసము అమ్మిన మన ఎద్దు ఫోటో ఉన్నదా?" అని అడిగారు.

"లేదు నాన్నా. దాని ఎడమ కొమ్ము వంపు నాకు గుర్తున్నది" అన్నాడు కుమారుడు.

తల్లిదండ్రులారా, పిల్లల చేతిలోని పనిని అలవాటు లేనిదని త్రోసివేయకండి. అది న్యాయమైనదో కాదో వారితో కూర్చుని విచారించండి.