గోటితో పోయేదానికి గొడ్డలి ఏల?

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని పెద్దలందురు. వృద్ధుల వైద్యమునకు మన ప్రభుత్వములు ధనము వెచ్చించు తీరు చూచినప్పుడు ఈ సామెతయే జ్ఞప్తికి వచ్చును.

2007లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెలసిన ఆరోగ్యశ్రీ, పేదవానికి పెద్ద ఆసుపత్రి గడప త్రొక్కు ధైర్యము నిచ్చినది. 2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ బీమాను, ఆదాయముతో నిమిత్తము లేక, 70 ఏండ్లు నిండిన వారందరికిని విస్తరింపజేసినది. కుటుంబమునకు సాలీనా 5 లక్షల రూపాయల వరకు ఉచిత చికిత్స లభించును. ఇది నిస్సందేహముగా హర్షణీయము.

కాని ఈ బీమా రోగి మంచము పట్టిన పిదపనే మేల్కొనును. రక్తపోటు గల ఒక ముదుసలిని తలచుకొనుడు. దినదినము మాత్ర వేసికొన్నచో ఆమె తన పనులు తాను చేసికొనగలదు. ఇంటివద్ద వేసికొను ఆ మాత్రకు బీమా సొమ్ము రాదు. మాత్ర మానివేసి, పక్షవాతము వచ్చి ఆసుపత్రి చేరిననాడు అదే బీమా వేలకు వేలు చెల్లించును. మధుమేహముతో కుళ్లిన కాలిని తీసివేయుటకు ధనము కలదు. ఆ కాలు కుళ్లకుండ కనిపెట్టి యుండుటకు లేదు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు లేవా యని కొందరడుగవచ్చును. ఉన్నవి, అచ్చట రక్తపోటు, మధుమేహ పరీక్షలును కలవు. అయితే మోకాళ్ల నొప్పులతో గడప దాటలేనివారు అచ్చటికి పోవుటెట్లు? పైగా చికిత్స చేసిన ఆసుపత్రికి బీమా సొమ్ము ముట్టును. చికిత్స అవసరమే రాకుండ కాపాడినవారికి అందులో ఏమియు ముట్టదు. అసలు లోపమిదియే.

అమెరికాలో వృద్ధులకై 1965లో మెడికేర్ చట్టము చేసినప్పుడు వారును చికిత్సనే ప్రధానముగా తలచిరి. న్యుమోనియా టీకాను 1981లోను, ఉచిత వార్షిక ఆరోగ్య సమీక్షను 2011లోను చేర్చిరి. అంతటి సంపన్న దేశమునకే దారి మార్చుకొన దశాబ్దములు పట్టినది. మనము అంతకాలము వేచియుండనేల? నివారణ మనకు క్రొత్త మాట కాదు. యూనానీ వైద్యమున హిఫ్జె సెహత్, అనగా ఆరోగ్యరక్షణ, చికిత్సతో సమానమైన ధర్మము.

కావున శస్త్రచికిత్సల సొమ్ము తగ్గింపక, బీమా నిధికి మరికొంత చేర్చి నివారణకు కేటాయింపవలెను. తగిన పారితోషికముతో ఆశా కార్యకర్త నెలనెలా వృద్ధుల యింటికే పోయి పరీక్షలు జరిపి, మాత్రలు అందింపవలెను. ఏటేట కన్ను, చెవి పరీక్షింపవలెను. దీనివలన ఖర్చు తప్పక తగ్గునని నేను పూచీపడను. కాని వార్ధక్యమున మరి నాలుగేండ్లు ఒకరిపై ఆధారపడక నడచుట ఏ లెక్కకు అందును?

విద్యార్థి మిత్రులారా! ప్రభుత్వము కదలునంతవరకు మనమూరకుండనేల? ఈ సెలవులలో మీ యింటి దాదీకి, నానీకి, తాతకు, అమ్మమ్మకు ఒక్కమారు రక్తపోటు చూపించుడు. గోటి పని అచ్చటనే ఆరంభము కావలెను.