మొదటి సూది మిగిల్చే జ్ఞాపకం

పిల్లల్లో ఎక్కువగా కనిపించే రక్తక్యాన్సర్ అయిన లింఫోబ్లాస్టిక్ లుకేమియాకు చికిత్స రెండు నుంచి మూడేళ్ళు సాగుతుంది. ఆ కాలమంతా వెన్నులో సూది గుచ్చి నీరు తీయడం, ఆ దారినే మందు ఎక్కించడం, ఎముక మూలుగను పరీక్షకు తీయడం వంటివి పలుమార్లు తప్పవు. మొదట్లో ఏడ్చినా పోనుపోను పిల్లలే అలవాటు పడతారన్న నమ్మకం ఇళ్ళలోనూ వార్డుల్లోనూ బలంగా ఉంది గానీ, అది నిజం కాదు. వైస్‌మన్, బెర్న్‌స్టీన్, షెక్టర్ 1998లో ప్రచురించిన అధ్యయనంలో, క్యాన్సర్ పిల్లల్లో కొందరికి మొదటి ప్రక్రియప్పుడు ఫెంటనిల్ అనే నొప్పి మందు, మరికొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర అందాయి. తరువాతి ప్రక్రియల్లో అందరికీ అసలు మందే ఇచ్చినా, మొదటిసారి మందు లేకుండా బాధపడిన ఎనిమిదేళ్ళలోపు పిల్లల్లో నొప్పి ఎక్కువగానే కనిపించింది. అంటే ఆ తొలి అనుభవం జ్ఞాపకంలో నాటుకుని, తరువాత ఇచ్చే మందు బలాన్ని కూడా తగ్గించగలదన్నమాట. అలాంటి జ్ఞాపకంతో రాబోయే బాధను తలచుకుని ముందుగానే పడే భయాన్ని మనస్తత్వ శాస్త్రం ముందస్తు ఆందోళన అంటుంది. ఆస్పత్రి వాసన సోకగానే కొందరు పిల్లలు వాంతి చేసుకోవడం కూడా ఈ కోవకు చెందినదే.

ఈ భయానికి పెద్దలు తెలియకుండానే ఎరువు వేస్తారు. అల్లరి చేస్తే సూది వేయిస్తామని ఇంట్లో బెదిరించిన నోటితోనే ఆస్పత్రిలో 'చీమ కుట్టినట్టుంటుంది, అంతే' అని బుజ్జగిస్తారు (ఈ రెండు మాటలకూ పొంతన లేదని మూడేళ్ళ పిల్లకు కూడా తెలుస్తుంది). ప్రేమతో ఆడినదైనా ఆ అబద్ధం సూది దిగిన క్షణంలోనే బయటపడుతుంది, ఆపైన అమ్మ చెప్పే ధైర్యానికి కూడా విలువ పోతుంది. చిన్నపిల్లలకు కాసేపు ముందు, పెద్దపిల్లలకు ఒకరోజు ముందు, ఎక్కడ నొప్పి పుడుతుందో, ఎంతసేపు ఉంటుందో ఉన్నదున్నట్టు చెప్పడం, నలుగురు కలిసి మంచానికి అదిమిపట్టే బదులు వీలైన చోట తల్లి ఒడిలో కూర్చోబెట్టడం, రక్తం తీసేందుకు ఏ చెయ్యి ఇవ్వాలో ఆ బిడ్డనే ఎంచుకోనివ్వడం ఖర్చులేని మందులు.

అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగర ఆస్పత్రిలో 1955లో ఎమ్మా ప్లాంక్ ఆరంభించిన కార్యక్రమం నుంచి, బొమ్మకు సూది వేయించి ఆటద్వారా చికిత్సను పరిచయం చేసే ఉద్యోగం అక్కడ వేరే వృత్తిగా ఎదిగింది. రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించుకోవలసిన తలసీమియా పిల్లలకు, ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్‌సెల్ నొప్పులతో వచ్చే పిల్లలకు ఇలాంటి తోడు ఎంతో అవసరం. అలాంటి ఉద్యోగిని నియమించలేని ఆస్పత్రి కూడా చర్మాన్ని మొద్దుబార్చే క్రీమును వాడగలదు. అయితే అది పనిచేయడానికి దాదాపు గంట పడుతుంది గనుక, సూది వేళను ముందే నిర్ణయించి క్రీము రాయవలసిన బాధ్యత ఏ నర్సుదో బిడ్డ చేరిన రోజునే కేస్‌షీట్‌లో రాసి ఉండాలి.